అమరావతి ప్రాకార స్తంభాలు: నిలిచిన చోటును బట్టి చదవడం

సభాధ్యక్షులకు, ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన పెద్దలకు, చరిత్ర విద్యార్థులకు నమస్కారం.

అమరావతి శిల్పం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ శిల్పమంతటి గురించీ ఒక గంటలో చెప్పబూనడం సాహసమే అవుతుంది కనుక, మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, చుట్టూ ఒకప్పుడు నిలిచి ఉన్న రాతి ప్రాకారానికి, అందులోని చెక్కడపు స్తంభాలకు మాత్రమే నేను పరిమితమవుతాను. ఆ స్తంభాలను ఈనాడు మనం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనో, అమరావతిలోనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలోనో చూస్తున్నాం. ఎక్కడ చూసినా ఒక్కొక్క రాయిని ఒక్కొక్క బొమ్మగానే చూస్తున్నాం. చెక్కినవారు వాటిని అలా విడివిడిగా తలచి చెక్కలేదు. ప్రతి స్తంభానికీ ఒక లోపలి ముఖం, ఒక బయటి ముఖం, ఇరుపక్కలా పొరుగు స్తంభాలు, తనదైన ఒక దిక్కు ఉండేవి. ఆ స్థానాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ శిల్పాన్ని చదివితే దాని అర్థంలో సగమే మనకు అందుతుందని నా నమ్మకం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ముందు స్థలం సంగతి చూద్దాం. కృష్ణకు దక్షిణపు ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో, ధరణికోటను ఆనుకుని అమరావతి ఉంది. శాసనాలు ధాన్యకటకమని పేర్కొన్న నగరం ఈ ధరణికోటే. ఊరివారు ఎన్నో తరాలుగా దీపాలదిన్నె అని పిలిచిన మట్టిదిబ్బ కిందే మహాచైత్యం ఉండిపోయింది. ఇప్పుడు అక్కడికి వెళితే గడ్డి పెరిగిన ఒక ఎత్తైన వలయం, దాని చుట్టూ నడిచే దారి, అక్కడక్కడా నిలబెట్టిన కొన్ని రాళ్లు కనిపిస్తాయి. చూసి, ఇంతేనా అని నిరాశపడి వెనుదిరిగే యాత్రికులు చాలామందే ఉన్నారు. కానీ కొలతలు చూస్తే దాని పరిమాణం తెలిసివస్తుంది. స్తూపపు అడుగుభాగం, అంటే మేధి, దాదాపు 49 మీటర్ల వ్యాసం గలది. దాని చుట్టూ సుమారు 4 మీటర్ల వెడల్పున ప్రదక్షిణ పథం, ఆ పథానికి అవతలి అంచున రాతి ప్రాకారం ఉండేవి. ప్రాకారం చుట్టుకొలత 180 మీటర్లు దాటుతుంది. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, ఆ ద్వారాలకు ఎదురుగా మేధి నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికలు, ఒక్కొక్క వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ఆ ఐదు స్తంభాలు గుర్తులని పండితులు చెబుతారు.

ఈ ప్రాకారం నిర్మాణాన్ని కొంచెం వివరంగా చూడాలి. నిలువు స్తంభాలు సుమారు 2.7 మీటర్ల ఎత్తు, దాదాపు 80 సెంటీమీటర్ల వెడల్పు గలవి. పక్కపక్కన ఉన్న రెండు స్తంభాల మధ్య ఒకదాని మీద ఒకటిగా మూడు అడ్డరాళ్లు ఉంటాయి. వీటిని సూచులంటారు. స్తంభాలన్నిటి తలల మీదుగా, వాటిని కలుపుతూ, ఉష్ణీషమనే కప్పురాళ్ల వరుస సాగుతుంది. ఈ అమరిక పూర్తిగా కొయ్యపని నుంచి వచ్చింది. వడ్రంగి దూలం కొసను కుసిగా చెక్కి బెజ్జంలో దించినట్లే, ఇక్కడ సూచి రెండు కొసలనూ స్తంభం పక్కల తొలిచిన బెజ్జాలలో దించారు. ఆ బెజ్జాలు గుండ్రంగానూ ఉండవు, చదరంగానూ ఉండవు. మధ్యలో ఉబ్బి, రెండు అంచుల్లో సన్నబడిన కంటి ఆకారంలో ఉంటాయి. మ్యూజియంలో స్తంభాన్ని ఎదురుగా నిలబడి మాత్రమే చూసేవారికి ఇవి కనబడవు. పక్కకు వెళ్లి చూస్తే మూడు బెజ్జాలూ ఒకదాని కింద ఒకటి వరుసగా కనిపిస్తాయి. నాకు ముందు ముఖం మీది శిల్పమెంత ప్రియమో ఆ పక్కల బెజ్జాలూ అంతే ప్రియం. ఎందుకంటే ఈ రాయి ఒంటరిగా నిలిచింది కాదన్న సంగతికి అవే సాక్ష్యం.

రాయి పలనాటి సున్నపురాయి. కొద్దిగా ఆకుపచ్చ చాయ కలిసిన తెలుపు. ఉలికి లొంగే మెత్తదనం, సన్నని గీతను నిలుపుకునే గట్టిదనం రెండూ ఉన్న రాయి అది. వేలిగోరంత చోటులో ఒక కంకణాన్నీ, వస్త్రపు మడతనూ చూపగలగడం శిల్పి పనితనమే అయినా, అందులో ఈ రాతికీ వాటా ఉంది. అయితే ఈ మెత్తదనమే తరువాత దానికి శాపమైంది. కాలిస్తే చక్కటి సున్నం వచ్చే రాయి అది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఇప్పుడు ముఖాల సంగతి. స్తంభం బయటి ముఖం మధ్యలో పూర్తిగా విచ్చిన పెద్ద పద్మం, పైన, కింద సగం సగం పద్మాలు, వాటి మధ్య నిలువు గాడులు. సూచుల బయటి ముఖాల మీదా పద్మాలే. ఉష్ణీషం బయటివైపున లావైన పూలదండను భుజాల మీద మోసుకుంటూ సాగే యువకుల వరుస. అంటే ఊరివైపు నుంచి నడిచివచ్చే మనిషికి మొదట కనిపించేది కథ కాదు. వందలాది పద్మాలు, వాటి పైన ఆ వలయమంతా అలలు అలలుగా సాగే పూలమాల. స్తూపానికి పూలతో పూజ చేస్తారు. ఆ పూజనే శాశ్వతంగా రాతిలో నిలిపి స్తూపాన్ని చుట్టినట్లు ఆ బయటి ముఖం కనిపిస్తుంది.

ద్వారం దాటి లోపలికి వచ్చాకే కథలు మొదలవుతాయి. స్తంభాల లోపలి ముఖాల మీద, మధ్య వృత్తంలోనూ నిలువు గాడుల్లోనూ, బుద్ధుని పూర్వజన్మల కథలైన జాతకాలు, బుద్ధచరిత్ర ఘట్టాలు చెక్కారు. మధ్య వృత్తం ఇంచుమించు మనిషి కంటి ఎత్తులో వస్తుంది. ప్రదక్షిణ చేసే భక్తుడు స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడుస్తాడు. కనుక ప్రాకారపు లోపలి ముఖాలన్నీ అతనికి ఎడమచేతి వైపు వస్తాయి. ఆ ముఖాల వైపు తిరిగి నిలబడితే అతను సాగే దిశ ఎడమ నుంచి కుడికి. ఈ చిన్న లెక్కను మనసులో పెట్టుకుని ఒక్క శిల్పాన్ని చూద్దాం.

చెన్నై మ్యూజియంలో నలగిరి ఏనుగు కథ చెక్కిన వృత్తఫలకం ఉంది. దాని ఫొటోను మీలో చాలామంది చూసే ఉంటారు. బుద్ధుని చంపించాలని దేవదత్తుడు రాజగృహ వీధిలోకి మదపుటేనుగును వదిలించిన కథ అది. వృత్తంలో ఎడమవైపు ఏనుగు వీధిలో పడి మనుషుల్ని చిమ్మేస్తున్నది. జనం చెల్లాచెదురవుతున్నారు. ఒక స్త్రీ భయంతో పక్కనున్న పురుషుణ్ణి పట్టుకుంది. మేడ కిటికీల్లోంచి మరికొందరు తొంగిచూస్తున్నారు. అదే వృత్తంలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంది. మధ్యలో గీత లేదు, గోడ లేదు. ఒకే వీధి, ఒకే ఏనుగు, రెండు క్షణాలు. మ్యూజియంలో ఎదురుగా నిలబడి చూసేవారికి ఈ రెండు క్షణాలూ ఒక్కసారే కంటబడతాయి. ప్రదక్షిణ పథంలో నడుస్తున్న భక్తుడికి మాత్రం ముందు ఏనుగు బీభత్సం ఎదురవుతుంది, రెండడుగులు వేశాక శాంతి ఎదురవుతుంది. ఆ మార్పు అతని నడకలోనే జరుగుతుంది. అమరావతి ఫలకాలన్నీ ఈ ఎడమ నుంచి కుడికి సాగే క్రమాన్నే పాటించాయని నేను అనడం లేదు. కథను మధ్య నుంచి మొదలుపెట్టినవీ, వెనక్కి తిప్పినవీ ఉన్నాయి. అయినా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని చెక్కిన శిల్పం ఇదని ఈ ఒక్క వృత్తం చాలినంత బలంగా చెబుతున్నది.

మరి ఇంత నిర్మాణం ఎవరి సొమ్ముతో జరిగింది? శాతవాహన రాజుల పేర్లు ఇక్కడి శాసనాల్లో ఉన్నాయి. వాసిష్ఠీపుత్ర పులమావి కాలపు శాసనం ఈ మహాచైత్యం చైత్యకమనే బౌద్ధ శాఖ భిక్షువుల అధీనంలో ఉన్నట్లు చెబుతుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు శాసనమూ ఉంది. కానీ రాళ్ల మీద ఎక్కువగా కనిపించే పేర్లు రాజులవి కావు. గృహపతులు, వారి భార్యలు, భిక్షువులు, భిక్షుణులు, సుగంధ ద్రవ్యాల వర్తకులు, ఊరి వర్తక సంఘం. ఒకరు స్తంభం ఇచ్చారు, ఒకరు ఒక్క సూచి ఇచ్చారు, ఒకరు ఉష్ణీషంలో ఒక రాయి ఇచ్చారు. ఈ పేర్లలో నాకు అన్నిటికంటే ఆప్తమైన పేరు విధికుడు. అతను చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం, అంటే నిండుకుండ, చెక్కిన ఒక ఫలకాన్ని దానం చేశాడు. ఆ సంగతి శాసనంగా చెక్కి ఉంది. ఒక ఉపాధ్యాయుని కొడుకు తోలుపని చేసుకుంటూ జీవించిన సమాజం, ఆ తోలుపనివాని పేరును మహాచైత్యం మీద చెక్కించుకోనిచ్చిన సమాజం ఈ ధాన్యకటకంలో ఉండేది. నేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అధికార చిహ్నంలో అమరావతి సంప్రదాయపు పూర్ణఘటం ఉంది. దానిని చూసినప్పుడల్లా విధికుణ్ణి తలచుకోవాలని నాకు అనిపిస్తుంది.

మొదటి నుంచీ ఈ ప్రాకారం ఇలా శిల్పమయంగా లేదు. చెక్కడం లేని, సాదా నల్లరాతి ప్రాకారం ముందు ఉండేది. ఆ తొలి స్తంభాల్లో ఒకటి ముడుకుతల అనే సేనగోపుడి, అంటే సేనాధికారి, దానమని దాని మీదే రాసి ఉంది. ఆ తరువాత కొన్ని వందల ఏళ్లపాటు, ఇంచుమించు క్రీ.పూ. ఒకటో శతాబ్దం నుంచి క్రీ.శ. మూడో శతాబ్దం దాకా, సున్నపురాతి పని దశలు దశలుగా సాగింది. ఆ దశలను శైలిని బట్టి, లిపిని బట్టి విడదీయడానికి ఎందరో శ్రమించారు. మద్రాసు మ్యూజియం శిల్పాల మీద సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం ఇప్పటికీ ఆ పనికి పునాది. దశల సంగతి తేల్చి చెప్పగల సాక్ష్యం మాత్రం బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక మేధి ఫలకంలో ఉంది. ఎత్తు ఒకటింబావు మీటరు ఉంటుంది. దానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు క్రీ.పూ. ఒకటో శతాబ్దపు పని. చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని చుట్టూ చేతులు జోడించిన భక్తులు, బుద్ధుడు మనిషి రూపంలో ఎక్కడా లేడు. మూడు వందల ఏళ్ల తరువాత, క్రీ.శ. మూడో శతాబ్దంలో, అదే రాయిని తిప్పి రెండోవైపు మరో శిల్పం చెక్కారు. ఆ కొత్త ముఖం మీద మొత్తం స్తూపం ఉంది. అర్ధగోళాకారపు అండం, అంటే స్తూపపు గుమ్మటం, ఐదు ఆయక స్తంభాలు, ద్వారం దగ్గర సింహాలు, చుట్టూ పద్మాల ప్రాకారం, ద్వారం మధ్యలో మనిషి రూపంలో బుద్ధుడు. ప్రాకారం నిలిచి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఈనాడు మనం ఊహించగలుగుతున్నామంటే దానికి ఇలాంటి ఫలకాలే ఆధారం. స్తూపం తన రూపాన్ని తన ఒంటి మీదే రాసుకుంది కనుకనే, ఒళ్లంతా ముక్కలైనా ఆ రూపం మనకు మిగిలింది.

ఈ చైత్యం ఎంతకాలం పూజలందుకుంది? చాలామంది అనుకునేదానికంటే చాలా ఎక్కువ కాలం. 1182లో కోట కేతరాజు అమరేశ్వరాలయంలో వేయించిన శాసనం ధాన్యకటకంలోని శివుణ్ణి చెబుతూనే, ఎత్తైన బుద్ధ చైత్యాన్నీ ప్రశంసిస్తుంది. బుద్ధునికి దీపాలు దానం చేసినట్లు చెబుతుంది. శైవుడైన రాజు శివాలయపు స్తంభం మీద బుద్ధునికి దీపం పెట్టిన సంగతి రాయించాడు. శ్రీలంకలోని గడలాదెణియ దగ్గర 1344 నాటి శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు, అంటే పెద్ద భిక్షువు, ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. అక్కడి నుంచి మరో నాలుగున్నర శతాబ్దాలకు ఆ చోటు దీపాలదిన్నెగా మిగిలింది.

ఇక విధ్వంసం సంగతి. 1790ల చివరి సంవత్సరాల్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి, కొత్త పట్నం కట్టించాడు. కట్టడాలకు ఇటుకలు, రాళ్లు కావాలి. దిబ్బను తవ్వితే రెండూ దొరికాయి. 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బ దగ్గరకు వచ్చి శిల్పాలను చూశాడు. అతను 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమి భాగాన్ని చెరువుగా తవ్వే పని జరిగిపోయింది. పలకలు కొన్ని శివగంగ కోనేటి మెట్లకు వెళ్లాయి, కొన్ని కట్టడాల్లో కలిశాయి, ఎన్నో సున్నమైపోయాయి. వెంకటాద్రి నాయుణ్ణి నేను నిందించలేను. ఆ రాళ్లేమిటో ఆ కాలంలో ఆయనకు చెప్పగలవారు ఈ దేశంలో లేరు, మెకంజీకీ మొదట అవి బౌద్ధమని తెలియలేదు. కానీ మెకంజీ ఒక పని చేశాడు. తనతో వచ్చిన యూరోపియన్, భారతీయ చిత్రకారుల చేత మిగిలిన శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు, దిబ్బ పటాన్ని వేయించాడు. ఆ తరువాత నశించిన రాళ్లు ఎన్నో ఆ చిత్రాల్లో మాత్రమే బతికి ఉన్నాయి. ఇప్పుడు అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఆ తరువాతి కథ తరలింపుల కథ. మెకంజీ కాలంలోనే కొన్ని రాళ్లు మచిలీపట్నం మీదుగా కలకత్తా చేరాయి. మచిలీపట్నంలో అధికారిగా ఉన్న రాబర్ట్‌సన్ 33 రాళ్లను తెప్పించి, తాను కట్టించిన కొత్త పేట కూడలిని అలంకరింపజేశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ పడమటి ద్వారం వైపు తవ్వించి, దొరికినవాటిని మద్రాసు పంపాడు. అవి అక్కడ ఏళ్లతరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ వాటి ఫొటోలు తీశాడు. ఆ వెనువెంటనే వాటిలో చాలావాటిని లండన్‌కు ఓడలో ఎక్కించారు. అక్కడా గోదాముల్లో మగ్గాయి. 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ కంట పడ్డాక గాని వాటి విలువ ఐరోపాకు తెలియలేదు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. రాబర్ట్ సూయెల్ 1877లో అమరావతిలో కొద్దిభాగం తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆజ్ఞతో మిగిలిన దిబ్బనంతా తోడేశారు. ఏ రాయి ఏ లోతులో, ఏ దిక్కున, ఏ రాతి పక్కన దొరికిందో సరైన నమోదు లేదు. ఆ తరువాత పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి స్తూపం ఉండవలసిన చోట పెద్ద గొయ్యి ఉంది.

మన శిల్పాలు లండన్ నుంచి తిరిగి రావాలని కోరేవారు ఈ సభలోనూ ఉంటారు. ఆ కోరికను నేను గౌరవిస్తాను, అది న్యాయమైనదేనని కూడా నమ్ముతాను. అయితే మనకు కలిగిన నష్టంలో తరలింపు ఒక భాగమే. ఆ స్థానాలను కాగితం మీద పెట్టకుండా రాళ్లను పెరికివేయడం దానికంటే పెద్ద నష్టం. లండన్‌లో ఉన్న రాయి రేపు తిరిగి రావచ్చు. రాయకుండా వదిలేసిన ఆ స్థానం అలా ఓడ ఎక్కి తిరిగి రాదు. నాగార్జునకొండతో పోల్చి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ 1920ల చివరలో తవ్వకాలు మొదలుపెట్టాడు. సాగర్ నీళ్లలో లోయ మునిగిపోకముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ లోయనంతా తవ్వి నమోదు చేశారు. ఇక్ష్వాకు రాజకుటుంబపు చాంతిసిరి వేయించిన ఆయక స్తంభ శాసనాలు ఏ చైత్యానివో, ఆ చైత్యం ఎక్కడ ఉండేదో ఈనాడు మనం చెప్పగలుగుతున్నాం. లోయ నీళ్ల కిందికి వెళ్లింది, కానీ రాళ్ల స్థానాలు మన దగ్గర ఉన్నాయి. అమరావతిలో నేల మిగిలింది, స్థానాలు పోయాయి.

అన్నీ పోలేదు కూడా. మెకంజీ పటం ఉంది, ఇలియట్ పడమటి ద్వారం వైపు తవ్వాడన్న సంగతి ఉంది, అలెగ్జాండర్ రే 1905 తరువాత జరిపిన తవ్వకాల నివేదికలు ఉన్నాయి, 1958-59లోనూ 1973-74లోనూ జరిగిన తవ్వకాల ఫలితాలు ఉన్నాయి. వీటికి తోడు రాళ్లే ఇచ్చే సాక్ష్యం ఉంది. ఒక స్తంభం పక్క బెజ్జం కొలత ఒక సూచి కొస కొలతతో సరిపోవచ్చు. ఉష్ణీషంలో ఒక రాతి చివర తెగిన పూలదండ మరో రాతి మొదట కొనసాగవచ్చు. ఒకటి చెన్నైలో, ఒకటి లండన్‌లో ఉన్నా, కొలతలూ త్రిమితి చిత్రాలూ ఒక్కచోట చేరితే వాటిని కలిపి చూడడం ఇప్పుడు సాధ్యమే. ఈ పనిలో తెలుగు విశ్వవిద్యాలయాల విద్యార్థులు ముందుండాలని నా కోరిక. ప్రాకృతం చదవగలవారు, రాతిపని తెలిసినవారు, కొలతలు తీయగలవారు కలిస్తే తప్ప ఇది ఒక్కరివల్ల అయ్యేది కాదు.

ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లేవారికి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అమరావతి గదిలో స్తంభం ఎదుట నిలబడినప్పుడు ముందు కథలోకి దిగకండి. అది లోపలి ముఖమా, బయటి ముఖమా అని చూడండి. పద్మాలైతే మీరు ఊరివైపు నిలబడి ఉన్నట్లు, కథలైతే ప్రదక్షిణ పథంలో నిలబడి ఉన్నట్లు. తరువాత పక్కకు వెళ్లి బెజ్జాలు కనిపిస్తాయేమో చూడండి. కొన్నిటిని గోడకు బిగించేశారు కనుక అన్నిటికీ కనబడవు. కనబడినచోట ఆ బెజ్జం ఎత్తులో మీ ఎడమకూ కుడికీ మూడేసి సూచులను ఊహించండి, ఆ కొసల్లో మరో రెండు స్తంభాలను ఊహించండి. అప్పుడు మళ్లీ ఎదురుగా వచ్చి, ఎడమ నుంచి కుడికి మెల్లగా నడుస్తూ ఆ కథను చూడండి. చెక్కినవారు మనల్ని చూడమన్నది అలాగే. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.